గడ్డిలో నిద్రపోయే గద్దలు: రోళ్లపాడులో మేం చూసిన పిల్లిగద్దలు

గద్ద రాత్రిపూట ఎక్కడ పడుకుంటుంది అని అడిగితే ఏం చెప్తారు? చెట్టు మీద, లేదంటే ఏ సెల్ టవర్ మీదో అంటారు కదా. కానీ నేల మీద, గడ్డిలో పడుకునే గద్దలు కూడా ఉన్నాయి. చలికాలం వస్తే అవి మన రాయలసీమకే వస్తాయి. ఈ ఎపిసోడ్ వాటి గురించే.

వీటిని ఇంగ్లీషులో హారియర్ అంటారు. తెలుగులో పిల్లిగద్ద. పిల్లి నక్కి నక్కి వచ్చినట్టు ఇది గడ్డికి ఆనుకుని ఎగురుతుంది. దీని ముఖం కూడా కొంచెం గుడ్లగూబలా గుండ్రంగా ఉంటుంది. ఆ ఆకారం వల్ల గడ్డిలో ఎలుక కదిలిన చిన్న చప్పుడు కూడా దానికి బాగా వినబడుతుంది.

వీటిని చూడ్డానికి పోయిన జనవరిలో మా నాయన, అమ్మ, అక్క, అక్క కొడుకు, నేను కలిసి నంద్యాల జిల్లా రోళ్లపాడు వెళ్లాం. బట్టమేక పిట్టని కాపాడ్డానికి 1988లో ఏర్పాటు చేసిన అభయారణ్యం అది. పేరులో అరణ్యం ఉంది కానీ, అక్కడున్నది 6 చదరపు కిలోమీటర్ల పైచిలుకు గడ్డి మైదానం.

మామూలు గద్దకీ దీనికీ తేడా ఎలా తెలుస్తుంది? మూడు గుర్తులు పెట్టుకోండి.

ఒకటి, ఎత్తు. మన ఊళ్లో కనిపించే నల్లగద్ద పైన గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. పిల్లిగద్ద వేటాడేటప్పుడు చేను మీద మనిషి ఎత్తులోనే పోతుంది.

రెండు, రెక్కలు. తేలుతున్నప్పుడు రెండు రెక్కలూ కాస్త పైకెత్తి, ఇంగ్లీషు 'వి' అక్షరంలా పెడుతుంది.

మూడు, తోక. నల్లగద్ద తోక చివర చీలినట్టుంటుంది. పిల్లిగద్దది పొడుగ్గా, సన్నగా ఉంటుంది. ఆడపక్షి గోధుమ రంగులో ఉంటుంది, తోక మొదట్లో తెల్లటి మచ్చ. మగది బూడిద రంగు.

పొద్దు వాలే టైమ్‌కి ఒక్కొక్కటే రావడం మొదలైంది. గడ్డి మీద రెండు మూడు చుట్లు తిరిగి, ఠక్కున లోపలికి దిగిపోతున్నాయి. మా అల్లుడు ఇరవై దాకా లెక్కపెట్టి వదిలేశాడు. ఇవి కజకిస్తాన్, రష్యా వైపు నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొస్తాయి. చెట్లు లేని ఆ మైదానాల్లో గూడు కూడా నేల మీదే పెడతాయి. అందుకే ఇక్కడా వాటికి గడ్డే పరుపు. గుంపుగా పడుకుంటే నక్క వచ్చినా ఏదో ఒకటి ముందే పసిగడుతుంది.

మా నాయన శనగ రైతు. కాసేపు చూసి, "ఇవి మన చేన్ల మీద తిరిగేటివే కదరా! కోడిపిల్లల కోసం వచ్చినాయని అదిలించేటోళ్లం" అన్నాడు. అసలు ఇవి ఏం తింటాయో శాస్త్రవేత్తలు ఎలా కనిపెడతారో తెలుసా? వేటపక్షులు అరగని రెక్కలు, వెంట్రుకలు, ఎముకల్ని ఉండలుగా కక్కేస్తాయి. వాటిని విప్పి చూస్తారు. పిల్లిగద్దలు పడుకునే చోట దొరికిన ఉండల్లో మిడతలు, ఎలుకలు, చిన్న పిట్టలు కనిపించాయి. మిడతలూ ఎలుకలూ అంటే రైతుకి తెలుసు కదా ఎంత నష్టమో.

ఇప్పుడు అసలు సంగతి. ఈ పక్షికి పగలు తిండికి చేలు కావాలి, రాత్రి నిద్రకి గడ్డి కావాలి. మన కాగితాల్లో చాలా గడ్డి నేలలకున్న పేరు బంజరు. పనికిరానిది అన్న పేరు పడితే దున్నడం, ప్లాట్లు వేయడం ఎంతసేపు? ఏ బట్టమేక పిట్ట కోసం రోళ్లపాడుని కాపాడారో, అది అక్కడ దాదాపు కనిపించకుండా పోయింది. మా ఊరి పక్క బీడు కౌలుకిచ్చి దున్నిద్దామని ఇంట్లో కూడా మాట నడుస్తోంది. నాయన ఇంకా సరే అనలేదు, వద్దు అని కూడా అనలేదు.

మీరూ వెళ్లాలనుకుంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లండి. అటవీ సిబ్బందిని అడిగి, వాళ్లు చెప్పిన చోటే కూర్చోండి. గడ్డిలోకి నడవొద్దు, డ్రోన్ ఎగరేయొద్దు. ఒకసారి బెదిరితే చీకట్లో వేరే చోటు వెతుక్కోవాలి పాపం. మెర్లిన్ యాప్ ఉంటే ఫోటోతో పోల్చుకోండి. చలికాలంలో ఇవి పెద్దగా అరవవు కాబట్టి సౌండ్ రికార్డింగ్‌ని నమ్ముకోవద్దు.

మీ ఊళ్లో దీన్ని ఏమని పిలుస్తారు? ఇంట్లో పెద్దవాళ్లని అడిగి కామెంట్‌లో రాయండి. ఉంటాను.