రోడ్రిగ్స్ దీవి, తిరుగు టికెట్టు

రోడ్రిగ్స్ హిందూ మహాసముద్రంలో మారిషస్‌కు తూర్పున సుమారు 560 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న దీవి. వైశాల్యం 108 చదరపు కిలోమీటర్లు. మారిషస్ దేశంలో భాగమే అయినా 2002 నుంచి స్వపరిపాలన ఉంది. ముఖ్యపట్టణం పోర్ట్ మాథురిన్‌ను ఒక్క పూటలో కాలినడకన చుట్టేయవచ్చు. అక్కడి శనివారం సంతలో అమ్మే చిన్న మిరపకాయల పచ్చడి ఘాటు తెలుగు నాలుకకు ఇట్టే పడుతుంది.

దీవి చుట్టూ పగడపు దిబ్బ గోడలా నిలిచి ఉండటంతో, లోపల దీవికన్నా విశాలమైన ఉప్పునీటి మడుగు ఏర్పడింది. చాలాచోట్ల అది మోకాలి లోతే. నీరు తీసినప్పుడు ఆడవాళ్లు ఇనుప ఊచ పట్టుకుని చాలా దూరం నడిచి వెళ్లి, రాళ్ల సందుల్లో దాగిన ఆక్టోపస్‌లను పట్టి తెస్తారు. వాటిని ఒడ్డున కర్రలకు వేలాడదీసి ఎండబెడతారు. కాళ్లు చాచి ఆరిన బట్టల్లా అవి గాలికి ఊగుతుంటాయి. సంతతి తగ్గిపోకుండా 2012 నుంచి ఏటా కొన్ని వారాలు ఈ వేట ఆపుతున్నారు. తూర్పు తీరంలో సెయింట్ ఫ్రాంస్వా నుంచి ట్రూ దార్జాన్ అనే చిన్న ఇసుక తీరం దాకా సాగే నడకదారి దీవిలో అన్నిటికన్నా అందమైనది.

జాగ్రత్త పడాల్సింది తిరుగు టికెట్టు దగ్గర. మారిషస్ నుంచి వచ్చేవి చిన్న ఏటీఆర్ విమానాలు, ప్రయాణం గంటన్నర. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపానుల కాలం. హెచ్చరిక వస్తే విమానాలు ఆగిపోతాయి. మళ్లీ మొదలయ్యాక సీట్లు తక్కువ, ఎదురుచూసేవాళ్లు ఎక్కువ. ఈ వ్యాసకర్త కుటుంబం మధ్యాహ్నం మారిషస్‌లో దిగి, ఆ రాత్రికే అమెరికా విమానం ఎక్కేలా రెండు టికెట్లు విడివిడిగా కొన్నది. గాలివానకు మొదటిది రద్దయింది. రెండో సంస్థ లెక్కలో అది ప్రయాణికులు రాకపోవడమే; అందుకని నలుగురికీ కొత్త టికెట్లు కొనాల్సి వచ్చింది. విడి టికెట్ల మధ్య తప్పిపోయిన విమానానికి కొన్ని బీమా పాలసీలు డబ్బివ్వవు. తుపానుకు పేరు పెట్టాక కొన్న బీమా ఆ తుపానుకు సాధారణంగా వర్తించదు. కాబట్టి రెండు విమానాల మధ్య కనీసం రెండు రోజులు ఉంచుకోవాలి. మందులు చేతిసంచిలోనే పెట్టుకోవాలి.

ఆ రెండు రోజులు మారిషస్‌లో తెలుగువారికి వృథా కావు. కోరంగి, విశాఖ రేవుల నుంచి ఓడలెక్కి చెరకు తోటలకు కూలికి వచ్చిన వారి సంతతి ఈనాటికీ ఉగాదిని నిలుపుకుంది. అక్కడ ఆ పండుగ జాతీయ సెలవుదినం. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా ఈ గడ్డమీదే. పోర్ట్ లూయీ రేవులో వలస కూలీలు దిగిన ఆప్రవాసి ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. వాళ్లు ఎక్కివచ్చిన రాతిమెట్లు ఇంకా ఉన్నాయి. పిల్లలను తప్పక తీసుకువెళ్లి చూపించాలి. ఆదివారం ఘాట్‌కు సెలవు గనక, రోడ్రిగ్స్ నుంచి తిరుగు విమానం వారం మధ్యలో పెట్టుకోవడం మేలు.