తల్లిలేని అంకె

సెలవులకు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులల నుంచి మనుమలు ముగ్గురూ మా యింట చేరారు. పులివెందులవాడికి లెక్కలంటే గుండెదడ. అందుకే ఒక ఆట చెప్పాను.

ఏ సంఖ్యకైనా దాని అంకెల మొత్తం కలపండి, ఇంకో సంఖ్య పుడుతుంది. 112కు 4 కలిపితే మన నూటపదహార్లు! అంటే 116కు తల్లి 112. కాని 20కి తల్లి లేదు. చిత్రం, మన 108కీ లేదు. ఇలాంటి వాటిని వెదికి పట్టుకున్నవారు మహారాష్ట్రలోని దేవలాలీలో బడిపంతులుగా ఉండిన కాప్రేకర్ గారు (1905–1986). వాటిని దేవలాలీ సంఖ్యలనీ అంటారు. నేనైతే స్వయంభువులంటాను.

ఎవరి ఊరి పిన్‌కోడు వారికిచ్చాను. ప్రొద్దుటూరు 516360కి తల్లి 516336 అని ఒకడు ఇట్టే చెప్పాడు. జమ్మలమడుగు పిల్ల 516434కు 516409ని పట్టింది. పులివెందులవాడు 516390 ముందేసుకుని దీపాలవేళ దాకా కూర్చున్నాడు.

"దీనికి తల్లి లేదు తాతా" అన్నాడు చివరికి, బిక్కమొగంతో.

తక్కిన యిద్దరూ నవ్వారు. నేనూ "సరిగా చూడరా" అని కసిరాను. నోటుపుస్తకం నా ముందు పెట్టాడు. 516359 వరకు ఏది తీసుకున్నా ఫలితం 516388 దాటదు. తర్వాతి పదీ బేసి సంఖ్యలనే కంటాయి. 516370 మొదలుకొని 516392కు తగ్గదు.

రెండుసార్లు సరిచూశాను. వాడిదే ఒప్పు.

తెల్లవారి నేనింకా కాఫీ తాగనేలేదు. "తాతా, కడపది 516001 కదా?" అంటూ వచ్చి కూర్చున్నాడు.