బండి మళ్లే చోటు

మొన్న పండగ సెలవులకు ధరణికోట వచ్చిన మా మనవరాలు వసారాలో నులకమంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకొని పని చేసుకుంటోంది. ఉన్నట్టుండి తల పట్టుకుంది.

"ఏందమ్మడూ, ఏమైంది?"

"నేను మార్చింది ఒక్క వరుస తాతయ్యా. ఇదేమో పన్నెండు వందల వరుసలూ మారినయ్యంటోంది. ఫైలు మొత్తం నేనే తిరగరాశాననుకుంటారు మా జట్టులో వాళ్లు."

దగ్గరికెళ్లి చూశాను. పాత వరుసలన్నీ ఎరుపులో, కొత్త వరుసలన్నీ పచ్చరంగులో ఉన్నాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివాను. చుక్క పోలేదు, అంకె మారలేదు. "మీ జట్టులో అందరివీ ఒకే రకం కంప్యూటర్లా?" అనడిగాను. తనది లైనక్స్, పాత ఫైలు పెట్టిన అబ్బాయిది విండోస్ అని చెప్పింది. "అయితే వరుసల్లో వెతక్కమ్మా, వాటి కొసల్లో వెతుకు" అన్నాను.

నా ఉద్యోగమంతా ఆ కొసలతోనే గడిచింది. తంతి ఆఫీసులో టెలిప్రింటర్ మీద పనిచేసినవాణ్ణి. ఆ సాయంత్రం పొద్దుగూకిందాకా అమ్మాయికి చెప్పిన కబుర్లు మీకూ చెబుతాను.

టైపు మిషను చూసిన పిల్లలు ఇప్పుడు తక్కువ. అందులో కాయితం ఎక్కించిన బండి ఒకటి ఉంటుంది. అక్షరం కొట్టినప్పుడల్లా అది ఎడమవైపుకు కొద్దికొద్దిగా జరుగుతుంది. అంచు దగ్గర పడగానే టింగుమని గంట కొడుతుంది. అప్పుడు ఎడమచేత్తో మీట పట్టుకొని నెడితే కాయితం ఒక వరుస పైకి జరుగుతుంది, బండి మళ్లీ మొదటికొస్తుంది. చెయ్యి ఒక్కటే, మీటా ఒక్కటే, జరిగిన పనులు మాత్రం రెండు. లోయరు, హయ్యరు పరీక్షలు పాసైనవాళ్లకు కూడా ఇవి రెండు వేరువేరు పనులన్న ఆలోచన వచ్చేది కాదు. రావలసిన అవసరమూ లేదు.

టెలిప్రింటర్ దగ్గర ఆ అవసరం వచ్చింది. ఎక్కడో దూరపు ఊళ్లో కూర్చున్న మనిషి తీగ మీదుగా మన మిషను చేత అచ్చు వేయిస్తాడు. మీట నెట్టే చెయ్యి ఇక్కడ లేదు. అందుకని రెండు పనులకూ రెండు సంకేతాలు పెట్టారు. బండిని మొదటికి రమ్మనేది క్యారేజ్ రిటర్న్, కాయితాన్ని ఒక వరుస జరగమనేది లైన్ ఫీడ్. వరుస అయిపోగానే రెండూ పంపాలి. మొదటిది పంపి రెండోది మరిస్తే కొత్త వరుస పాత వరుస మీదే పడుతుంది. రెండోది పంపి మొదటిది మరిస్తే రాత ఆగిన చోటునుంచే కిందికి దిగి మెట్లు మెట్లుగా పోతుంది.

ఒక వానాకాలం రాత్రి లైను బాగా లేక లైన్ ఫీడ్ సంకేతం ఒకటి దారిలో పోయింది. రెండు వరుసలు ఒకదాని మీద ఒకటి పడి నల్లగా అలుక్కుపోయాయి. సెలవు మీద ఇంటికొస్తున్న సిపాయి తల్లికి పంపిన వార్త అది. ఏ రోజు వస్తున్నాడన్నది ఆ నలుపు కిందే ఉండిపోయింది. మళ్లీ పంపించుకొని చదివిందాకా నాకు కుదురు లేదు. కంటికి కనపడని ఒక్క సంకేతానికి ఎంత విలువుందో ఆ రాత్రి తెలిసింది.

ఈ రెంటిలో ఏది ముందు పంపాలన్న దానికీ లెక్క ఉంది. కంప్యూటర్ల తొలి రోజుల్లో వాటికి తగిలించిన మోడల్ 33 టెలిటైపు సెకనుకు పది అక్షరాలు కొట్టేది. అచ్చు వేసే బండి ఆ కొసనుంచి ఈ కొసకు రావడానికి ఒక అక్షరం కొట్టే కాలం చాలదు. అందుకే బండిని ముందు బయలుదేరదీసి, అది వచ్చేలోపు కాయితాన్ని జరిపేవారు. 1963లో అమెరికా వాళ్లు అక్షరాలకు అంకెలిచ్చిన ఆస్కీ పట్టికలో క్యారేజ్ రిటర్న్‌కు 13, లైన్ ఫీడ్‌కు 10 దక్కాయి. కొన్ని తెరల మీద వరుస చివర టోపీ గుర్తూ దాని పక్కన ఎమ్ అనే ఇంగ్లీషు అక్షరమూ కనపడుతుంటాయి. ఎమ్ వాళ్ల అక్షరాల్లో పదమూడోది కదా, అదే ఆ క్యారేజ్ రిటర్న్.

వరుస కొసన ఏం చెయ్యాలన్న ప్రశ్న రాత పుట్టినప్పటినుంచీ ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్నాయి. అక్కడి చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమనుంచి కుడికి, కొన్ని కుడినుంచి ఎడమకు చెక్కారు. ఇట్టాంటి రాతకు గ్రీకులు పెట్టిన పేరుకు ఎద్దు మళ్లినట్టు అని అర్థం. దుక్కి దున్నేవాడు చాలు కొసకు రాగానే కాడిని అక్కడే మళ్లించి పక్క చాలు పట్టుకుంటాడు. ఖాళీ నాగలితో మొదటికి నడిచి రాడు. ఎర్రగుడి రాతలో ఎద్దు కొసనే మళ్లింది, టైపు మిషనులో బండి ఖాళీగా మొదటికొచ్చింది.

మన పక్కనే అమరావతి స్తూపం రాళ్లు చూడండి. బ్రాహ్మీ లిపిలో దానం చేసినవాళ్ల పేర్లుంటాయి. మాటకూ మాటకూ మధ్య జాగా ఉండదు. రాయి అయిపోయిన చోట వరుస అయిపోతుంది, మాట సగంలో ఉన్నా సరే. అమరావతి రాతి మీద వేటూరి ప్రభాకరశాస్త్రి గారు గుర్తించిన 'నాగబు' అన్న మాటను తెలుగులో దొరికిన అతి పాత మాటల్లో ఒకటిగా చెబుతారు. శాసనాలు అచ్చు వేసే పండితులు రాతిమీది వరుసలకు అంకెలు వేసి, ఏ వరుస ఎక్కడ ఆగిందో చూపిస్తారు. అర్థం చెప్పేటప్పుడు మాత్రం ఆ విరుపుల్ని పట్టించుకోరు. విరుపు రాతిది, మాట మనిషిది. ఈ రెంటినీ విడదీసి చూసే పద్ధతి కంప్యూటర్ల వాళ్లకూ కావాలని నా అభిప్రాయం.

కంప్యూటర్ల వాళ్లు ఏం చేశారంటే, బండి లేని చోట కూడా బండి సంకేతాన్ని ఉంచుకున్నారు, అదీ తలా ఒక రకంగా. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్‌లో ఫైలు లోపల లైన్ ఫీడ్ ఒక్కటే పెట్టారు. బండిని మళ్లించే పని అచ్చు వేసే యంత్రానికి సంబంధించినది కాబట్టి దాన్ని యంత్రం దగ్గరే కలుపుకోమన్నారు. లైనక్స్‌కు వచ్చింది ఆ అలవాటే. గ్యారీ కిల్డాల్ రాసిన సీపీ/ఎమ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రెండు సంకేతాలూ ఉంచింది. దాని దారిన 1981లో డాస్, తర్వాత విండోస్ నడిచాయి. 1984లో వచ్చిన మెకింటోష్ క్యారేజ్ రిటర్న్ ఒక్కటే వాడింది. 2001లో మ్యాక్ ఓఎస్ పది వచ్చాక వాళ్లు కూడా యూనిక్స్ దారికొచ్చారు. నాకు యూనిక్స్ వాళ్ల ఆలోచనే నచ్చుతుంది. అట్టాగని రెండు సంకేతాల పద్ధతిని తప్పనలేం. ఈమెయిలు పంపే నియమాల్లో ఇవాళ్టికీ వరుస కొసన 13, 10 రెండూ ఉండాల్సిందే.

ఇక మా అమ్మాయి కష్టం. జట్టుగా పనిచేసేవాళ్లు ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే పద్దు గిట్. 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ రాశాడు. గిట్ ఫైలును మనిషిలా చదవదు, ఒక్కో బైటూ లెక్కపెట్టుకుంటుంది. విండోస్ కొసలున్న పన్నెండు వందల వరుసల ఫైల్లో లైనక్స్ ఫైలుకన్నా పన్నెండు వందల బైట్లు ఎక్కువుంటాయి. ఆ అబ్బాయి ఫైలు రెండేసి సంకేతాలతో పద్దులోకెక్కింది. అమ్మాయి వాడే ఎడిటర్ భద్రపరిచేటప్పుడు కొసలన్నీ లైన్ ఫీడ్ చేసేసింది. గిట్ దృష్టిలో ప్రతి వరుసా మారినట్టే. అది అబద్ధం చెప్పలేదు, మనకు అక్కర్లేని నిజం చెప్పింది. దాంతో అసలు మార్పు ఆ గుట్టలో పడిపోతుంది, ఫలానా వరుస ఎవరు రాశారంటే చివరగా ముట్టుకున్న మనిషి పేరే వస్తుంది. అంతకంటే చెడ్డ చిక్కు ఇంకోటుంది. లైనక్స్ స్క్రిప్టు మొదటి వరుసలో దాన్ని నడిపించే ప్రోగ్రాము పేరు ఉంటుంది. దాని తోకన 13 అంటుకుంటే అది కూడా పేరులో భాగమైపోతుంది. అట్టాంటి ప్రోగ్రామే లేదు పొమ్మంటుంది యంత్రం. పేరు చూస్తే సరిగ్గానే కనపడుతుంటుంది. రాత్రంతా వెతుక్కున్న పిల్లలుంటారు.

దీనికి మందు మన ఊరి పేర్లోనే ఉందని చెప్పాను అమ్మాయికి. ధరణికోట పాత పేరు ధాన్యకటకం. ఊరికో కుంచం, ఊరికో మానిక ఉన్న రోజుల్లో గిడ్డంగి నడిపేవాడు ఏం చేస్తాడు? ఎవరు ఏ కొలతతో తెచ్చినా తన దగ్గర ఒకే కొలతలోకి మార్చి నిలవచేస్తాడు. తీసుకెళ్లేటప్పుడు ఎవరి కొలతలో వాళ్లకు పోస్తాడు. గిట్ కూడా అదే చెయ్యగలదు. లోపల అంతా లైన్ ఫీడ్ కొసలతో దాచుకొని, విండోస్ వాడికి ఇచ్చేటప్పుడు రెండేసి సంకేతాలు కలిపి ఇస్తుంది.

ఈ మాట గిట్‌కు రెండు చోట్ల చెప్పొచ్చు. ఒకటి ఎవరి యంత్రంలో వాళ్లు పెట్టుకునే ఆటోసీఆర్ఎల్ఎఫ్ అనే అమరిక. దీని మీద నాకు నమ్మకం లేదు. జట్టులో ఒక్కరు మర్చిపోయినా, కొత్తవాళ్లు ఒక్కరు చేరినా కథ మొదటికొస్తుంది. రెండోది పద్దులోనే ఉండే డాట్ గిట్‌అట్రిబ్యూట్స్ అనే చిన్న ఫైలు. అది సరుకుతోపాటే ప్రయాణం చేస్తుంది. ఎవరు నకలు తీసుకున్నా నియమం వాళ్ల వెంటే వెళుతుంది. నక్షత్రం గుర్తు వేసి, ఖాళీ వదిలి, టెక్స్ట్, సమాన గుర్తు, ఆటో అని ఒక్క వరుస రాస్తే రాతఫైళ్లేవో గిట్ తనే కనిపెట్టి ఒక కొలతలో దాస్తుంది. కింద ఇంకో మూడు వరుసలు వెయ్యాలి. షెల్ స్క్రిప్టులు ఏ యంత్రంలోనైనా లైన్ ఫీడ్‌తోనే ఉండాలని ఒకటి, విండోస్ బ్యాచ్ ఫైళ్లకు రెండు సంకేతాలూ ఉండాలని ఒకటి, బొమ్మలను అసలు ముట్టుకోవద్దని ఒకటి.

బొమ్మల మాట ఎందుకంటే, బొమ్మలో 13, 10 అంకెలు రంగుల లెక్కలో భాగంగా రావచ్చు. వాటిని వరుస కొసలనుకొని సరిదిద్దితే బొమ్మ చెడిపోతుంది. పీఎన్‌జీ బొమ్మల పద్ధతి కనిపెట్టినవాళ్లు ఎంత ముందుచూపున్నవాళ్లో చూడండి. ఆ ఫైలు మొదటి ఎనిమిది బైట్లు 137, 80, 78, 71, 13, 10, 26, 10. అందులో 13, 10 జంటనూ, ఒంటరి 10నూ కావాలనే పెట్టారు. దారిలో ఎవరైనా కొసలు మార్చారా, మొదటి చూపులోనే పట్టుబడిపోతుంది.

తెలుగు రాసేవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సింది ఇంకోటుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి మూడు బైట్లు. మూడూ 127కి పైన ఉండే అంకెలే కాబట్టి కొసల సంకేతాలతో పేచీ రాదు. యూటీఎఫ్-16 పద్ధతిలో రెండు బైట్లు. పాత నోట్‌ప్యాడ్‌లో యూనికోడ్ అని ఎంచుకుంటే వచ్చేది ఇదే. యూనికోడ్‌లో 'ఊ' సంఖ్య 3082. పన్నెండు రెండువందల యాభయ్యారులు, పైన పది. అంటే 'ఊ' పొట్టలో లైన్ ఫీడ్ అంకె కూర్చొని ఉంది! ఇట్టాంటి ఫైలును మామూలు రాతఫైలేనని గిట్‌కు గట్టిగా చెప్పి, విండోస్ కొసలతో బయటికి తీయండి. ఆ పదికి ముందు పదమూడును దూరుస్తుంది. అక్కణ్ణుంచి జతలన్నీ ఒక బైటు పక్కకు జరుగుతాయి. 'ఊరు' అన్న మాటలో 'ర' ఉండాల్సిన చోట జపాను వాళ్ల కొటేషన్ గుర్తు, కొమ్ము ఉండాల్సిన చోట చైనా అక్షరం వస్తాయి. కాయితం మీద లెక్కవేసి చూపిస్తే అమ్మాయి నోరు తెరిచింది. అందుకే తెలుగును యూటీఎఫ్-8లోనే దాచండి.

1985 నాటి మొదటి విండోస్‌తో వచ్చిన నోట్‌ప్యాడ్‌కు చాలా ఏళ్లు ఒంటరి లైన్ ఫీడ్ అంటే ఏమిటో తెలియలేదు. లైనక్స్ ఫైలు తెరిస్తే వరుసలన్నీ కలిసి ఒకే పొడుగు తాడయ్యేవి. 2018 మేలో ఇక చదివిస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది.

మర్నాడు పొద్దున్నే అమ్మాయి జట్టు వాళ్లందరికీ ముందుగా కబురు చేసింది. చేతిలో పనులు పద్దులో వేసేయమంది. డాట్ గిట్‌అట్రిబ్యూట్స్ ఫైలు పెట్టి, గిట్ యాడ్‌కు రీనార్మలైజ్ అన్న మాట జోడించి కొసలన్నిటినీ ఒకేసారి సరిచేసింది. దాన్ని విడిగా ఒక పద్దుగా, ఇది కొసల మార్పు మాత్రమేనని రాసి వేసింది. అందులో వేరే మార్పు ఒక్కటీ కలపలేదు. ఆ తర్వాత తన అసలు మార్పు వేసింది. తెర మీద ఒక వరుస ఎరుపు, ఒక వరుస పచ్చ.

మీలో పాత తెలుగు పుస్తకాలు, నిఘంటువులు, పాఠాలు జట్టుగా టైపు చేస్తున్నవాళ్లుంటే ఒక్క మాట. ఆ చిన్న ఫైలును మొదటి రోజే, మొదటి పద్దులోనే పెట్టండి.