బండి ఎందుకు లాగడం లేదు?

నిండా జనంతో ఘాట్ రోడ్డు ఎక్కుతున్న వ్యాన్‌లో మీరెప్పుడైనా కూర్చున్నారా? డ్రైవరు యాక్సిలరేటరు అడుగంటా తొక్కుతాడు. ఇంజను మూలుగుతుందే గాని వేగం పెరగదు. "పికప్ లేదు" అంటాడు. ముందున్న లారీని సగం దాటాక పికప్ అందకపోతే ఏమవుతుందో ఊహించుకోండి.

సైకిలుకు గాలి కొట్టాక పంపు అడుగున ముట్టుకొని చూడండి, వెచ్చగా ఉంటుంది. డీజిల్ ఇంజను పనిచేసేది ఈ సూత్రం మీదనే. సిలిండరులోని గాలిని పిస్టన్ 16వ వంతుకో, 18వ వంతుకో కుదిస్తుంది. ఆ గాలి 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది. అందులోకి నాజిల్ డీజిల్‌ను తుంపరగా చిమ్మగానే అది దానంతటదే అంటుకొంటుంది. స్పార్కు ప్లగ్గుతో పనిలేదు. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఇలాంటి ఇంజనునే నడిపి చూపించాడు.

యాక్సిలరేటరు తొక్కితే ఇంజనుకు అందే డీజిల్ పెరుగుతుంది. అయితే ఒక లీటరు డీజిల్ పూర్తిగా మండాలంటే దాదాపు 10,000 లీటర్ల గాలి కావాలి! రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు ఉన్న గదిలో పట్టేటంత గాలి అన్నమాట.

ఒకసారి పిల్లలతో అరకు వెళ్తుంటే అనంతగిరి ఘాట్‌లో మా పాత వ్యాన్ రెండో గేరు దాటలేదు. వెనుక నల్లని పొగ. దారిలో ఒక మెకానిక్ "పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచుతాను, అదే లాగుతుంది" అన్నాడు. వద్దన్నాను. లాంతరు వత్తి మరీ పైకి ఎక్కిస్తే చిమ్నీ ఏమవుతుందో ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. నల్లపొగ కూడా అలాంటి మసే, సరిగా మండని కార్బన్. గాలి చాలక అల్లాడుతున్న ఇంజనుకు ఇంకా డీజిల్ పోస్తే మసి పెరుగుతుందే గాని బలం రాదు. పైగా డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చింది.

ఎయిర్ ఫిల్టర్ విప్పి చూస్తే శుభ్రంగానే ఉంది. ఇంజను రొద పెంచి చెవి పెడితే బుస్సుమన్న చప్పుడు. పొగ వేగంతో తిరుగుతూ గాలిని ఒత్తి పంపే టర్బో నుంచి వచ్చే రబ్బరు పైపు చీలి ఉంది, చీలిక చుట్టూ నూనె మరక. పైపు మార్చాక అదే ఘాట్‌ను వ్యాన్ మూడో గేరులో ఎక్కింది.

పొగ లేకుండానే బండి నీరసిస్తే డీజిల్ అందడం లేదని అనుమానించాలి. ఎక్కువసార్లు దొరికే దొంగ డీజిల్ ఫిల్టరే, మట్టితోనో నీటితోనో నిండి ఉంటుంది. నీలిపొగ ఇంజను ఆయిల్ మండుతోందనడానికి గుర్తు. ఇంజను గట్టిగా అరుస్తున్నా బండి కదలకపోతే క్లచ్ ప్లేట్లు జారుతున్నాయేమో చూడాలి. ఒక్క చక్రం మాత్రం విపరీతంగా వేడెక్కితే బ్రేకు పట్టేసిందన్నమాట.

2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్ముతున్న బి.ఎస్.6 డీజిల్ వ్యాన్లలో ఈ పొగ పరీక్ష అంతగా పనికిరాదు. పొగగొట్టంలోని జల్లెడ మసిని లోపలే పట్టేస్తుంది. ఆ జల్లెడే పూడుకుపోతే పొగ బయటికి పోలేక పికప్ పడిపోతుంది. పెద్ద రోడ్డు మీద కొంతసేపు ఆగకుండా నడిపితే వేడికి ఆ మసి కాలిపోతుంది. వీధి వీధికీ ఆగుతూ తిరిగే మీ స్కూలు వ్యాన్‌కు ఆ అవకాశం తక్కువ.