అస్తమింపని యెండ

కార్వేటినగరమున మిద్దెపై వడియములు పెట్టిన ఇల్లాలికి ఎండ విలువ నొకరు చెప్పనక్కరలేదు. కాకులకు కావలి కాయుచుండగా మబ్బు కమ్మెనా, నాటి శ్రమ యంతయు వృథాయే. మిద్దెమీది సౌరఫలకముల కష్టమును ఇట్టిదే. అవి పగలు పనిచేయును. దీపము పెట్టు వేళకు విశ్రమించును.

సోదరీమణులారా! సూర్యు డస్తమింపని చోటొకటి కలదు. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున, భూమితో సమముగా తిరుగు ఉపగ్రహమునకు మబ్బు లేదు, వాన లేదు, రాత్రియు దాదాపు లేదు. రేయింబవళ్లు సమమగు దినముల చుట్టును మాత్రము భూమి నీడ దానిపై పడును. అదియు నాటికి 72 నిమిషములకు మించదు. అచ్చటి యెండబలము చదరపు మీటరునకు 1,361 వాట్లు.

ఆ యెండను విద్యుత్తుగా మార్చి, సూక్ష్మతరంగముల రూపమున భూమికి పంపి, ఇచ్చట తీగల వలతో పట్టి మరల విద్యుత్తు చేయవచ్చునని 1968లో పీటర్ గ్లేసర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. ఆ తరంగములకు మబ్బు అడ్డు కాదు. 2023లో కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థవారు ఉపగ్రహమునుండి పంపిన శక్తిని భూమిపై స్వల్పముగా గుర్తింపగలిగిరి. మన అబ్దుల్ కలాముగారును 2010లో ఈ యాశయమును బలపరచిరి.

"ఆ కిరణము పడినచోట పశువులకు, పసిబిడ్డలకు హాని కలుగదా?" అను శంక న్యాయమైనదే. 1970వ దశకపు అమెరికా నమూనాలో కిరణము నడుమ బలము చదరపు మీటరునకు 230 వాట్లు. మన మిట్టమధ్యాహ్నపు టెండ సుమారు 1,000 వాట్లు. అయినను సూక్ష్మతరంగము ఎండవంటిది కాదు గనుక ఆ స్థలమునకు కంచె వేయవలసినదే. ఆ నమూనాలో గ్రహణక్షేత్రము 10 కిలోమీటర్ల వెడల్పు, 13 కిలోమీటర్ల పొడవు. అంతటి భూమి యెవరిది, ఎవరి మామిడితోపు? ఈ ప్రశ్న మనము ముందుగా నడుగవలసినది.

వ్యయమును తక్కువ కాదు. పైకి చేర్చవలసిన సామగ్రి వేలకొలది టన్నులు. మన శ్రీహరికోటనుండి యెగురు రాకెట్లు ఒక్కమారు కొన్ని టన్నులనే మోయగలవు. కావున ఈ వెలుగు మన వంటయింటికి రేపే రాదు. అంతవరకు మిద్దెమీది యెండను వృథా చేయక, 2024లో ఆరంభమైన సూర్య ఘర్ పథకమును గూర్చి విచారించుట మేలు.

మన ఆడపిల్లలకు గణితమును, భౌతికశాస్త్రమును శ్రద్ధగా చెప్పింతము. శ్రీహరికోట మనకు దూరము కాదు. వడియములకు ఎండ చూచుకొన్న తల్లి బిడ్డయే, ఒకనాడు ఆ యెండను దివినుండి దింపుటకు లెక్కలు వేయవచ్చును.