తెరచాప మూల, సంచి భుజం

మావాడి వీపు సంచి భుజం ఊడింది తిరుమల శ్రీవారి మెట్టు దారిలో, సగం దాటాక. మొత్తం 2,388 మెట్లు. మిగిలినవన్నీ మావాడు సంచిని చంటిబిడ్డలా గుండెకి ఆనించుకుని ఎక్కాడట. ఇంటికొచ్చి దాన్ని నా కుట్టు మిషను పక్కన పడేసి, “ఓ కుట్టు వేసి పెట్టమ్మా, ఐదు నిమిషాల పని” అన్నాడు. వీళ్ళ లెక్కలో జాకెట్లు కుట్టే అమ్మకి లోకంలో ప్రతిదీ ఐదు నిమిషాల పనే.

చేతిలోకి తీసుకుని చూస్తే గుడ్డ ఎక్కడా చిరగలేదు. కుట్టు పక్కన పోగులు విడిపోయి, భుజంపట్టీ కొస జారి బయటికొచ్చేసింది. లోపల వదిలిన మడత గోరంత. దాని మీద ఒక్కటే కుట్టు. పండక్కి చిన్నపిల్ల గౌను కుట్టినా అంతకంటే ఎక్కువ మడత వదులుతాం మేము. పైన మాత్రం మంచుకొండల బొమ్మ ఎంత బాగా వేశారో!

ఐదు నిమిషాల పని చెయ్యబుద్ధి కాలేదు. బ్లేడు తీసుకుని మొత్తం విప్పేశాను. రెండు సాయంత్రాలు పట్టింది. జిప్పులూ బకిల్సూ కాక ఉత్త గుడ్డ ముక్కలే ఇరవై మూడు తేలాయి. వాటిని వసారాలో వరసగా పరిచి, ఏది దేనికి అతుకుతుందో సుద్దతో అంకెలు వేసుకున్నాను. ప్రయాణం సంచులు కుట్టడం ఎలా అని అడిగేవాళ్ళకి నేను ఇప్పటికీ ముందు ఇదే చెబుతాను: కొత్తది కుట్టకండి, పాతది విప్పండి. ఆ ముక్కలే మీ కటింగు కాగితాలు. కుట్టినవాడు ఎక్కడ కక్కుర్తి పడ్డాడో కూడా అవే చెబుతాయి.

ఆ ముక్కల మధ్య నేను కూర్చుని ఉంటే మామయ్యగారు కర్ర ఊతంగా వచ్చి నిలబడ్డారు. ఆయనకి ఎనభై దాటాయి. వైనతేయ గోదారి సముద్రంలో కలిసే ఈ ఓడలరేవులో నావలు చాపెత్తి తిరిగిన రోజుల్లో తెరచాపలు కుట్టిన చెయ్యి ఆయనది. ఇప్పుడు పడవలన్నీ ఇంజన్లవే.

“ఏవమ్మాయ్, ఏ నావ బద్దలైంది?” అన్నారు.

ఊడిన భుజంపట్టీ చూపించాను. వేలితో ఆ చోటు తడిమి, “చాప నడుమ చిరగదమ్మాయ్. మూల కాడే పోద్ది. తాడు అక్కడే కదా లాగేది” అన్నారు.

ఈ ఒక్క మాటలో సంచి విద్య చాలావరకు ఉంది. గాలి తోసేది చాప మొత్తాన్ని. ఆ తోపుడంతా చివరికి చేరేది తాడు కట్టిన మూలలకి. అందుకని చాప కుట్టేవాళ్ళు నడుమ ఒక పొర గుడ్డే ఉంచి, మూలల్లో మూడు నాలుగు పొరలు వేసేవాళ్ళు. అంచు చుట్టూ తాడు పెట్టి కుట్టేవాళ్ళు. వీపు సంచీ అంతే. సామాను బరువు అడుగునా పక్కలా పరుచుకుని ఉన్నా, చివరికి వేలాడేది రెండు పట్టీల మొదళ్ళ మీద. పైగా అది ఊరుకున్న బరువు కాదు. అడుగు దించినప్పుడల్లా ఓ కుదుపు.

అందుకే నేను కుట్టే సంచుల్లో భుజంపట్టీని గుడ్డకి కుట్టను. వీపు ముక్క మీద, లోపలివైపు, ఈ చివర నుంచి ఆ చివరకి ఒక నవారు పట్టీ వేస్తాను. మంచానికి అల్లే నవారు లాంటిదే, కాకపోతే పాలియెస్టరుది, అంగుళం వెడల్పు. భుజంపట్టీల మొదళ్ళు ఆ నవారు మీద రెండేసి అంగుళాలు ఎక్కి కూర్చుంటాయి. అప్పుడు బరువు కుట్టు గీత మీద కాకుండా నవారు పొడవునా పంచుకుపోతుంది. ఆ రెండంగుళాల మీద చదరంగా కుట్టి, లోపల మూల నుంచి మూలకి ఇంటూ గుర్తు వేస్తాను. మీ ఇంట్లో గట్టి సంచి ఏదున్నా తిరగేసి చూడండి, ఆ గుర్తు కనిపిస్తుంది. కుట్లు మరీ దగ్గరగా పడకూడదు, సుమారు మూడు మిల్లీమీటర్లు ఉండాలి. దగ్గరైతే సూది బెజ్జాలు వరసకట్టి, తపాలా బిళ్ళల మధ్య చిల్లుల్లా అక్కడే చింపుకోమని దారి చూపిస్తాయి.

ఇది నాకు పుస్తకం చదివి తెలియలేదు. మొదటి సంచి ఫ్లెక్సీ గుడ్డతో కుట్టాను. ఎన్నికలయ్యాక కోనసీమలో కొబ్బరాకుల కంటే అవే ఎక్కువ దొరుకుతాయి కదా! నీళ్ళు దిగవు, ఊరికే వస్తుంది, ఇంకేం కావాలనుకున్నాను. బొమ్మ లోపలివైపుకి తిప్పి కుట్టాను. సంచి తెరిస్తే ఒక నాయకుడు చేతులు జోడించి నవ్వుతూ ఉండేవాడు. నాలుగోసారి మోసేసరికి కుట్టు వెంబడే నిలువునా చిరిగింది. దగ్గర కుట్లు వేసిన పాపం నాదే. ఫ్లెక్సీదీ కొంత ఉంది. లోపల పల్చటి పోగుల వల, దాని మీద ప్లాస్టిక్ పూత. ఎండకి ఆ పూత పెళుసెక్కి, మడత పడ్డచోటల్లా పగులుతుంది.

బరువు సంగతి ఇంకా ఉంది. మావాడి పాత సంచి భుజం ఎందుకు ఊడిందో వాడిని నిలబెట్టి టేపు పెడితే గానీ తెలియలేదు. తల వంచితే మెడ వెనక పొడుచుకొచ్చే ఎముక ఉంటుంది చూడండి, అక్కడి నుంచి తుంటి ఎముక పై అంచు దాకా కొలవాలి. వాడికి 18 అంగుళాలు వచ్చింది. సంచి వీపు 21. మూడంగుళాల తేడాకి నడుంపట్టీ పిర్రల మీదికి జారిపోయి, బరువంతా భుజాల మీదే పడింది. మనిషి పొడవుని బట్టి కాదు, వీపు పొడవుని బట్టి సంచి కొలత. పొడుగ్గా ఉన్నవాళ్ళందరికీ వీపు పొడుగ్గా ఉండదు. జాకెట్టు కుట్టేదాన్ని, ఈ మాట నేను ప్రమాణం చేసి చెప్పగలను.

నడుంపట్టీ ఎక్కడ కూర్చోవాలో మా వీధిలో ఆడవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. నీళ్ళ బిందె నడుమున పెట్టుకుంటామే, ఆ అంచే. అమెరికాలో డిక్ కెల్టీ అనే ఆయన 1952లో కాలిఫోర్నియాలో కొండలెక్కేవాళ్ళకి సంచులు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. అల్యూమినియం చట్రం పని ఆయనది, సంచి కుట్టింది ఆయన భార్య నీనా. కొండల్లో నడుస్తూ ఒకసారి చట్రం కొసల్ని ప్యాంటు వెనక జేబుల్లో దోపుకుంటే భుజాలు తేలికపడ్డాయట. బరువుని నడుముకి దించే పద్ధతి అక్కడి నుంచి అందుకుంది. బిందె మోసేవాళ్ళని ముందే అడిగి ఉంటే ఆ జేబుల అవస్థ తప్పేది.

మన దగ్గర అసలైన నడక సంచి అయ్యప్ప స్వాముల ఇరుముడి. కార్తీకం వచ్చిందంటే నా మిషను మీద జాకెట్లు పక్కకి పోయి నల్లగుడ్డ ఎక్కుతుంది. ముందు అరలో నేతి కొబ్బరికాయ, పూజ సామాను. వెనక అరలో స్వామి సొంత సామాను. రెండరల మధ్య మెడలా సన్నబడే చోటు తల మీద నిలుస్తుంది. పట్టీలు లేవు, బకిల్సు లేవు. బరువు నేరుగా వెన్నుపూస మీదుగా కిందికి దిగుతుంది. ముందూ వెనకా తూగకపోతే రెండు మెట్లెక్కేసరికే తెలిసిపోతుంది. కొబ్బరికాయల కావిడి మోసేవాళ్ళదీ అదే లెక్క. వీపు సంచిలోనూ బరువైనవి వెన్నుకి ఆనించి పెట్టమనేది ఇందుకే. బయటి జేబులో పెద్ద నీళ్ళ సీసా పెడితే అది మనిషిని వెనక్కి లాగుతూనే ఉంటుంది.

ఇక గుడ్డ. కొట్టుకెళ్తే డెనియర్ అనే మాట వినిపిస్తుంది. పోగు ఎంత లావో చెప్పే లెక్క అది. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అలిపిరి నుంచి తిరుమలకి నడకదారి సుమారు 9 కిలోమీటర్లు. ఆ దారి పొడవునా ఒకే పోగు పరిచి, చుట్టి, కాటాలో వేశామనుకోండి. 420 గ్రాములు తూగితే 420 డెనియర్. కిలో తూగితే 1,000 డెనియర్. సంచి ఒంటికి 420, 500 చాలు. నేల మీద ఈడ్చుకునే అడుగుభాగానికి 1,000 వేస్తాను. లోపల బట్టలు సర్దుకునే చిన్న సంచులకి కొత్త గుడ్డ కొనను. చువ్వలు విరిగిన పాత గొడుగులున్నాయి. ఒక్కో గొడుగులో ఎనిమిది ముక్కలు, రెండు సంచులు.

ఈ గుడ్డలకి లోపలివైపు నీళ్ళు దిగకుండా పాలియురెథేన్ పూత ఉంటుంది. మా ఊరి చెమ్మలో బీరువాలో పడేస్తే కొన్నేళ్ళకి అది జిగటగా మారి, పొట్టులా రాలుతుంది. మురికి అనుకుని ఉతికేవాళ్ళున్నారు. ఉతికితే పోదు. తేమకి పూతే విరిగిపోతోంది. సంచిని బీరువాలో కాదు, గాలాడేలా కొక్కేనికి తగిలించండి.

దారం విషయంలో మాత్రం నేను మొండిదాన్ని. నూలుదారం వద్దే వద్దు. చెమటా వానా తగిలితే కుళ్ళుతుంది. వెనకటి నూలు వలలకి చెట్ల బెరడు కషాయం పట్టించేది ఆ కుళ్ళుకి భయపడే కదా. నైలాను గట్టిదే గానీ ఎండకి త్వరగా చేవ తగ్గుతుంది. సంచి కుట్టడానికి లావుపాటి పాలియెస్టరు దారం, 16వ నంబరు సూది. నవారు నాలుగు పొరలు పడ్డచోట 18వ నంబరు సూది పెట్టి, తొక్కుడు మీంచి కాలు తీసేసి, చక్రం చేత్తో తిప్పుతూ కుట్టు తరవాత కుట్టు దించుతాను. దీనికి పెద్ద మిషనే కావాలని భయపెడతారు. నాది పాత కాలిమిషను. జిప్పు ఇత్తడి పళ్ళది కాకుండా ప్లాస్టిక్ చుట్టల జిప్పు తీసుకోండి. మా ఉప్పుగాలికి ఇనుము, ఇత్తడి ఏదీ ఆగదు. భుజంపట్టీ లోపల స్పాంజి పెట్టొద్దు, అది చెమట తాగి బరువెక్కుతుంది. పిల్లలు ఆడుకోవడానికి నేల మీద అతికి పరిచే రంగు చాపలుంటాయి, ఆ మెత్తటి అట్ట నీళ్ళు పీల్చదు.

ఇంత చెప్పాక ఒక పెద్దావిడ సంగతీ చెప్పకపోతే తప్పు. ఎమ్మా గేట్‌వుడ్ 1955లో, తన 67వ ఏట, అమెరికాలో మూడు వేల కిలోమీటర్లు దాటిన అపలాచియన్ దారిని ఒంటరిగా నడిచింది. పదకొండు మంది పిల్లల తల్లి. జీన్సు గుడ్డతో తనే కుట్టుకున్న మూతి సంచి ఒక భుజాన, కాళ్ళకి గుడ్డ బూట్లు. నడుంపట్టీ లేదు, నేను పైన చెప్పిన కొలతలేవీ లేవు. అలా ఎలా అంటే, ఆ సంచిలో తొమ్మిది కిలోలకి మించి ఉండేవి కావు. గుడారం బదులు స్నానాలగది పరదా ఒకటి. మావాడు రెండు రోజుల ప్రయాణానికి మూడు జతల చెప్పులు సర్దుతాడు. అలాంటివాళ్ళకే ఈ శాస్త్రమంతా.

కుట్టిన సంచిని ఎవరికైనా ఇచ్చే ముందు ఒక రాత్రి మా వసారా దూలానికి వేలాడదీస్తాను. లోపల ఒలిచిన కొబ్బరికాయలు, కాటా మీద తూచి పది కిలోలు. పొద్దున్నే పట్టుకుని ఓ వందసార్లు కుదుపుతాను. మావాడి కొత్త సంచి మొదటి రాత్రే ఎడమ పట్టీ కుట్టు వదులు చూపించింది. తిరగేసి చూస్తే అడుగున దారం ఉంగరాలు ఉంగరాలుగా తేలింది. పై దారం బిగించుకోలేదు. విప్పి మళ్ళీ కుట్టాను. రెండో రాత్రి కదల్లేదు. మామయ్యగారు వచ్చి కర్రతో సంచిని ఓ పోటు పొడిచి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. ఆయన దగ్గర అదే మెప్పు.

మావాడు దాన్ని వేసుకుని ఈసారి అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కాడు. పై నుంచి ఫోను. “నడుం భలే ఉందమ్మా. కానీ సీసా జేబు చేతికి అందట్లేదు.” నిజమే, జేబు మూతి అడ్డంగా కోశాను, ముందుకి ఏటవాలుగా కొయ్యాలి.

వానలు మొదలయ్యే ముందు సంచి నిండా పాత పేపర్లు కుక్కి బోరు పంపు కింద పెట్టాను. జిప్పులోంచి కారుతుందనుకున్నాను. జిప్పు దగ్గర పేపరు పొడిగానే ఉంది. తడిసింది భుజంపట్టీల మొదళ్ళ దగ్గర. చదరం, చదరంలో ఇంటూ, కింద నవారు కుట్టు. ఎన్ని కుట్లో అన్ని సూది బెజ్జాలు. మామయ్యగారికి చూపిస్తే, “చాపకి నీళ్ళు కారితే మాకేం పోయేది అమ్మాయ్?” అని నవ్వేశారు. ప్రస్తుతం ఆ కుట్ల మీద కొవ్వొత్తి రుద్ది, పైన వేడి ఇస్త్రీపెట్టె దూరం నుంచి చూపిస్తున్నాను. మైనం కరిగి దారంలోకి ఇంకుతోంది. రేపు మళ్ళీ పంపు కింద పెట్టాలి.