ముందు గోడ చూడండి... తర్వాతే డ్రిల్లు!

గోడకు శ్రీవారి పటం తగిలించాలి. మేకు పెట్టి నాలుగు దెబ్బలు వేస్తే... మేకు వంకర, అరచేయంత పెచ్చు కింద! తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా కొత్త ఇంట్లోకి మారినవాళ్లకు తెలిసిన తంతే. రెండు బెజ్జాల కోసం ఎలక్ట్రీషియన్ ఓ పట్టాన రాడు. అప్పుడే 'మనమే ఓ డ్రిల్లింగ్ మిషన్ కొనేస్తే పోలా' అనిపిస్తుంది. మంచి ఆలోచనే. కాకపోతే దుకాణానికి వెళ్లేముందు ఇంటి గోడ దేంతో కట్టిందో తెలుసుకోవాలి.

ఇటుక గోడకు, సిమెంటు దిమ్మెల గోడకు 500 వాట్ల ఇంపాక్ట్ డ్రిల్లు చాలు. సుమారు 1,500 నుంచి 3,000 రూపాయల్లో వచ్చేస్తుంది. పటాలు, గడియారం, తలుపు గడియలు... ఇంట్లో పడే పనులు చాలావరకు దీంతోనే అయిపోతాయి. మిషన్ మీద సుత్తి గుర్తు లేకపోతే అది చెక్కకూ ఇనుముకే పరిమితం. ట్రిగ్గర్ నొక్కేకొద్దీ వేగం పెరిగేదీ, వెనక్కి కూడా తిరిగేదీ తీసుకోవాలి. చతురస్రంలో మరో చతురస్రం గుర్తుంటే డబుల్ ఇన్సులేషన్ ఉన్నట్టు. చేతికి షాక్ కొట్టే ప్రమాదం తక్కువ.

కాంక్రీటు దగ్గరే కిటుకు!

కర్టెన్ రాడ్డు బిగించేది కిటికీ పైన. సరిగ్గా అక్కడే కాంక్రీటు లింటెల్ ఉంటుంది. అరంగుళం దిగి బిట్టు ఆగిపోతుంది. 'మిషన్ మంచిది కాదు' అని దుకాణదారును తిట్టుకుంటారు. తప్పు మిషన్‌ది కాదు. ఇంపాక్ట్ డ్రిల్లులో పళ్లున్న రెండు బిళ్లలు ఒకదానిపై ఒకటి జారుతూ బిట్టును తడతాయి. నిమిషానికి 40 వేలకు పైగా తట్లు పడినా ఒక్కోదాని బలం స్వల్పం. రోటరీ హ్యామర్ తీరు వేరు. లోపల పిస్టన్ గాలిని అదిమి కొడుతుంది. చిన్నసైజు వాటిలో దెబ్బలు నిమిషానికి నాలుగైదు వేలే, కానీ ఒక్కొక్కటీ నిజంగా సుత్తి దెబ్బే. పాతకాలపు రాతి గోడల ఇళ్లకూ ఇదే కావాలి. ఏడాదికోసారి వచ్చే ఆ పనికి కొనడం దండగ. అద్దెకు తెచ్చుకోవడమో, అది ఉన్న మేస్త్రీని పిలవడమో నయం.

వంటింట్లో కడప బండ అరలు, గ్రానైటు గట్టు, బాత్‌రూమ్ టైల్స్... వీటిమీద సుత్తి మీట వేశారో, పగుళ్లే! మీట ఆపేసి, గ్రానైటుకు డైమండ్ బిట్టు పెట్టి, నీళ్లు చిలకరిస్తూ మెల్లగా వేయాలి.

బ్యాటరీ డ్రిల్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. చెక్కపనికి, స్క్రూలు బిగించడానికి హాయి. కానీ నాలుగు నెలలకోసారి తీసేవాళ్లకు వైరు మిషనే మేలు. కొన్నేళ్లకు బ్యాటరీ పోతే కొత్తదాని ఖరీదు విని గుండె గుభేలుమంటుంది. ఇక వంద సామాన్లతో ఊరించే పెట్టెలు... అందులో సగం ఏనాడూ బయటికి రావు. ఆ డబ్బుతో 6, 8 మిల్లీమీటర్ల మంచి మేసన్రీ బిట్లు రెండేసి కొనుక్కోవచ్చు. సర్వీస్ సెంటర్ ఊళ్లోనే ఉందా, చెన్నైకి పంపాలా అన్నది బిల్లు కట్టకముందే అడగాలి.

వడ్రంగులు తాడుతో బరమా తిప్పి బెజ్జాలు వేసిన రోజులకూ ఈ మిషన్లకూ మధ్య పెద్ద మలుపు అమెరికాలో వచ్చింది. పిస్తోలు పిడి, ట్రిగ్గర్ ఉన్న డ్రిల్లుకు బ్లాక్ అండ్ డెక్కర్ 1917లో పేటెంటు పొందింది. బెజ్జంలో దూర్చే నైలాన్ ప్లగ్గు జర్మనీకి చెందిన ఆర్తుర్ ఫిషర్ 1958లో కనిపెట్టింది. అది లేకపోతే ఇటుక గోడలో స్క్రూ నిలవదు.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది కరెంటు తీగలతో. స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా పైనా కిందా, గోడ లోపల వైర్లుంటాయి. అక్కడ బిట్టు పెట్టకూడదు. బాత్‌రూమ్‌లో అయితే కొళాయిలకు తిన్నగా పైపులుంటాయి. కళ్లద్దాలు తప్పనిసరి. బెజ్జం కింద ఓ పాత కవరు టేపుతో అంటిస్తే దుమ్మంతా అందులోనే పడుతుంది.